పాతరలో పన్నెండు సీసాలు

గుండయ్య దీపం పట్టుకొని పాతరలోకి దిగేసరికి మూడున్నర దాటింది. కాచిగూడ బండి అప్పుడే పోయింది, పైన మట్టి ఇంకా సన్నగా మెట్ల మీదికి రాలుతూనే ఉంది. ఆరు మెట్లు. కింది మెట్టు మీద కూర్చుంటే మోకాళ్లు ఎదుటి గోడకు ఆనుతాయి, తల మీది రాయి జానెడు దూరంలో ఉంటుంది. ఉప్పుగూడలో రైలు గేటు వెనక ఈ రెండు గదుల ఇల్లు తీసుకున్నప్పుడు ఇది ఎవరో జొన్నలు పోసుకున్న పాతర. గింజలు పోయాక చల్లదనం మిగిలింది, ఎండాకాలంలో కూడా ఒళ్లు జలదరించేంత చల్లదనం. ఆ చల్లదనం చూసే తాను మనసు పడ్డాడు, మాణిక్యమ్మ మాత్రం గొయ్యిని చూసి ఇల్లు కొన్నవాణ్ణి నిన్నే చూసిన అంది. ఎదురుగా చెక్క మీద పన్నెండు సీసాలు నిలబడి ఉన్నాయి. కొడుకు జీవరత్నం పుట్టిన ఏడు పోసిన ద్రాక్షారసం. ఇరవై నాలుగేళ్లు. ఆరింటికి గుడిలో గంట కొట్టేలోపల ఫాదర్‌కు మాట చెప్పాలి. రేపు ఆత్మల పండుగ, చనిపోయినవాళ్ల పేర్లు పీఠం దగ్గర నిలబడి చదువుతారు. జీవరత్నం పేరు చదవాలా వద్దా. చదవమంటే ఈ సీసాలు తెరవాలి, ఈ ఇంటి పద్ధతి అది. తెరిస్తే వాడు లేనట్టే. ఇంతే సంగతి, ఇందులో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు, అయినా మూడు రోజులుగా అన్నం ముందు కూర్చున్నా గేటు దగ్గర నిలబడ్డా ఇదే.

పటాలం నుంచి కాగితం వచ్చి నెల దాటింది. స్టేషన్ మాస్టరు చదివి చెప్పాడు. మలయాలో కనపడకుండా పోయినాడు, బతికి లేడని తలుస్తున్నాము. తలుస్తున్నాము అన్న దగ్గర గుండయ్య ఆయన్ను ఆపి మళ్లీ చదవమన్నాడు. మళ్లీ అదే మాట. తలిచేవాళ్లెవరు, వాణ్ణి ఎన్నడైనా చూసినవాళ్లా, వాడు పప్పులో నిమ్మకాయ పిండుకొని తినడం చూశారా, గేటు కొయ్య కింద దూరి పరుగెత్తడం చూశారా. యుద్ధం అయిపోయింది, చెరలో ఉన్నవాళ్లు ఎముకల గూళ్లయి ఇళ్లకు వస్తున్నారు. బహదూర్‌పురాలో వహీద్ అనే పిల్లవాడు చెర నుంచి తిరిగి వచ్చాడని తెలిసి గుండయ్య పోయి చూశాడు. వహీద్ గోడకు ఆనుకొని కూర్చొని, చాచా నేను వేరే జాగల ఉన్న, నాకు ఎర్కలేదు అన్నాడు, అని చాలాసేపు గుండయ్య కాళ్ల వైపే చూశాడు. అబద్ధం చెప్పేవాడు కాళ్లు చూస్తాడా, నీరసం ఉన్నవాడు చూస్తాడా. అడగలేదు. అడగడం గుండయ్యకు చేతకాదు. నోట్లోంచి మాట రావాలంటే దానికి గేటు తీయాలి, బండి పోయిందాకా ఆగాలి, అని మాణిక్యమ్మ పెళ్లయిన కొత్తలో చుట్టాల ముందు ఎగతాళి చేసేది. ఫాదర్ పరదేశం నుంచి వచ్చినవాడు, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతాడు. "గుండయ్యా, ఎదురుచూడటం కూడా ఒక పాపం అవుతుంది కొన్నిసార్లు. వాని ఆత్మకు పూజ కావాలి," అన్నాడు. గుండయ్య టోపీ చేతిలో తిప్పుతూ, "ఇంట్ల అడగాలె," అన్నాడు. ఇంట్లో అడిగాడు. మాణిక్యమ్మ చేట పక్కన పెట్టింది. "ఆ సీసాల జోలికి పోకు," అంది. "కాళ్లు మొక్కుత, ముట్టకు." మాణిక్యమ్మ ఎవరి కాళ్లూ మొక్కే మనిషి కాదు.

లాలాగూడలో రైల్వే దొర బంగళాలో గుండయ్య పదకొండేళ్లు వంటవాడి కింద పనిచేశాడు. ఆ బంగళా కింద ఒక గది ఉండేది. గోడ నిండా గూళ్లు, గూటికో సీసా, అన్నీ పడుకొని ఉండేవి. దొరకు కొడుకు పుట్టినప్పుడు వాళ్ల సీమ నుంచి ఒక పెట్టె వచ్చింది, ఇరవై ఒకటో ఏట వాడే తెరుస్తాడని దొర దాని మీద సున్నంతో రాయించాడు. ఎంత పాతబడితే అంత గొప్పదని వంటవాడు చెప్పాడు. ఆ మాట గుండయ్య చెవిలో పడి అక్కడే ఇల్లు కట్టుకుంది. పుట్టిన బిడ్డతోపాటు పెరిగేది ఒకటి ఇంట్లో ఉండడం, ఏమీ అనకుండా చీకట్లో కూర్చొని మంచిదవుతూ ఉండడం, అలాంటిది ఒకటి ఉంటుందని అతనికి అంతకుముందు తెలియదు. దొర సీమకు పోతూ గేటు కొలువు ఇప్పించి పోయాడు, ఖాళీ సీసాలు ఇరవై దాకా ఇచ్చి పోయాడు. జీవరత్నం పుట్టింది ద్రాక్షపండ్ల కాలంలో. పక్కింటి షౌకత్ బీ ద్రాక్ష పందిరి విరగకాసింది. "అరె గుండయ్యా, నా అంగూర్ తోని ఏం చేస్తవో నాకు చెప్పకు, గునా, పాపం నాకు తగుల్తది," అంది ఆమె. మళ్లీ తానే గంప నింపి, "పోరడు సల్లగుండాలె, తీస్కపో, నేను సూడలే," అంది. నలిపి, జాడీలో ఉంచి, గుడ్డతో వడగట్టి, దొర బంగళాలో చూసినంత చూసినట్టు చేశాడు. చార్మినార్ దగ్గర గాజులు చేసేవాళ్ల నుంచి లక్క తెచ్చి బిరడాల మీద కరిగించి పోసి, అది వేడిగా ఉండగానే బొటనవేలు ఒత్తాడు. కాలింది. పన్నెండుసార్లు కాలింది. అంతా అయ్యాక గోడ వారన సీసాలు పడుకోబెడుతుంటే మాణిక్యమ్మ తల్లి మెట్ల మీద నుంచి కేక వేసింది. పురిటిబిడ్డ పేరు మీది సీసాలు పీనుగుల లెక్క పండబెడ్తవా, నిలబెట్టు, అంది. నిలబెట్టాడు. నిలబడి ఉంటే ఏం, పడుకుంటే ఏం అనుకున్నాడు. ముసలమ్మ పోయింది, సీసాలు ఇరవై నాలుగేళ్లుగా నిలబడే ఉన్నాయి.

ఆ తర్వాత చంద్రమ్మ. ఆడపిల్ల, వానాకాలంలో పుట్టింది, పందిళ్ల మీద ఆకు తప్ప కాయ లేదు. ఎండుద్రాక్ష నానబెట్టి చేశాడు, ఆరు సీసాలే అయ్యాయి. నాలుగేళ్లకు పట్నంలో కలరా వచ్చింది. పొద్దున పిల్ల పాలు అడిగింది, పొద్దుగూకేసరికి పెదవులు నల్లబడ్డాయి. చిన్న పెట్టె, బట్టలు పెట్టుకునే పెట్టెంత ఉంది, ఆ పెట్టె పక్కన కూర్చొని మాణిక్యమ్మ ఒక్కటే మాట, దాని సీసాలు ఏం చేద్దాం, దాని సీసాలు ఏం చేద్దాం. పిల్ల గురించి ఏమీ అడగలేదు, సీసాల గురించే అడిగింది. గుండయ్య పాతరలోకి దిగి ఆరూ పైకి తెచ్చాడు. లక్క పగలగొట్టి వచ్చినవాళ్లందరికీ గ్లాసుల్లో పోశాడు. ఆ రోజు నోట్లోంచి వచ్చింది ఒకటే మాట. "ఈ ఇంట్ల పుట్టినోళ్ల సీసా వాళ్ల పెండ్లికన్న తెరవాలె, వాళ్లు పోయిననాడన్న తెరవాలె. నడుమ తెరవొద్దు. నడుమ తెరిస్తె మనమే పంపినట్టు." ఎందుకన్నాడో తెలియదు. ఏదో ఒక పద్ధతి ఉంటే ఏడుపు దాని అంచు పట్టుకొని నడుస్తుందని అనుకున్నాడేమో. అందరూ తాగారు. తాగినవాళ్లు చెప్పలేక చెప్పలేక చెప్పారు, బాగుంది గుండయ్యా, మస్తు బాగుంది. నిజంగానే బాగుంది. పిల్ల పెట్టె పక్కన నిలబడి గుటక వేస్తే తేనెలా దిగింది, దిగినందుకు సిగ్గు వేసింది. నాలుగేళ్లకే ఇట్లా ఉంటే ఇరవై ఏళ్లకు కొడుకు పెళ్లికి ఎట్లా ఉంటుందో అని కూడా అదే గుటకలో అనుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పాపాలు ఒప్పుకోవడానికి ఫాదర్ ముందు మోకరిల్లినప్పుడు కూడా చెప్పలేదు.

దీపం వత్తి ఎగదోశాడు. వాడు పటాలంలో మోటారు నడిపే పనికి చేరాడు, ఇరవై ఏళ్లవాడు, పచ్చటి బట్టలు వేసుకొని వచ్చి గుమ్మంలో నిలబడితే గుమ్మం చిన్నదైంది. సముద్రం దాటి పోతున్నాం అన్నాడు. ఆ పొద్దున గుండయ్య గేటుకు పోవడానికి తలకు రుమాలు చుట్టుకుంటున్నాడు. "బాపు, ఒక సీసా తియ్యరాదే. పొయ్యే ముందు జరంత రుచి సూస్త," అన్నాడు. "పెండ్లికి తీస్త," అన్నాడు గుండయ్య. "పెండ్లికి పిల్ల దొరకాలె గదా ముందుగాల. నీ లెక్క మాట్లాడనోనికి అమ్మ ఎట్ల దొరికిందో మరి." లోపల మాణిక్యమ్మ నవ్వింది. గుండయ్యకు కూడా నవ్వు వచ్చింది, అది మీసం దాటి బయటికి రాలేదు. "పద్ధతి పద్ధతే," అన్నాడు. కొడుకుతో ఆఖరుగా అన్న మాట అదే. మధ్యాహ్నం పటాలం బండి ఉప్పుగూడ మీదుగానే పోయింది. గేటు వేసి, ఒక చేతిలో పచ్చ జెండా పట్టుకొని, ఇంకో చేత్తో గేటు ముందు ఆగిన బండిలో బెదిరిన ఎద్దు ముకుతాడు పట్టుకొని నిలబడ్డాడు. కిటికీల నిండా తలలు. ఏ తల వాడిదో పోల్చుకునే లోపల చివరి పెట్టె పోయింది. బాపూ అని ఒక కేక వినబడింది, కాని అందరికీ బాపులుంటారు. ఊపడానికి చెయ్యి లేదు. ఎద్దును వదిలేస్తే ఏమయ్యేది. పట్టాల మీదికి ఉరికేది. ఉరికితే ఉరకనీ. నాలుగేళ్లుగా మనసులో ఆ ఎద్దును ఎన్నిసార్లు వదిలేశాడో లెక్క లేదు. నాలుగేళ్లుగా ఆ సీసా కూడా ఎన్నిసార్లు తెరిచాడో. గ్లాసులో పోసి, ఇగో తాగు బిడ్డా, పద్ధతి గాడిదలు తొక్కనీ, తాగు, అని.

మాణిక్యమ్మ వాడు పోయినప్పటి నుంచీ పీఠం దగ్గర ఫాదర్ నోట పెట్టే సత్ప్రసాదం తీసుకోవడం మానేసింది. గుడికి వస్తుంది, వెనక స్తంభం దగ్గర చాప మీద కూర్చుంటుంది, అందరూ లేచి పీఠం వైపు పోతుంటే తల దించుకొని అక్కడే ఉంటుంది. దేవుడి మీద అలిగింది అనుకున్నాడు. అలగనీ, తల్లి కదా. షౌకత్ బీ ద్రాక్షపండ్లు పంపితే గేదెకు వేసింది. పాతరలోకి తాను దిగితే పైనుంచి ఏదో ఒక పని చెప్పి పిలుస్తుంది. అది ఆశ అనుకున్నాడు. కాగితం రాకముందూ, వచ్చాకా, ముట్టకు ముట్టకు అంటే వాడు వస్తాడని నమ్ముతోంది అనుకున్నాడు. ఆమె నమ్మకాన్ని తాను ఎట్లా పగలగొట్టాలి, ఏ చేత్తో. తెరిస్తే ఆమె కొడుకును చంపినట్టు. తెరవకపోతే వాడి ఆత్మ పూజ లేక ఎక్కడో ఆ అడవుల్లో. పొద్దు నాలుగు కావస్తున్నా ఇదే తెగడం లేదు.

ఏది తీయాలో ముందు చూసుకుందామని చెయ్యి చాచాడు. చూపు సన్నగిల్లింది, వేళ్లతోనే పోల్చుకోవడం అలవాటు. ఒక్కొక్క మూత మీద బొటనవేలు పెట్టుకుంటూ పోయాడు. లక్క నల్లబడి రాయిలా అయింది, అయినా ఇరవై నాలుగేళ్ల కిందటి గుంటలో వేలు సరిగ్గా దిగుతోంది. ఒకటి, రెండు, మూడు. తన వేలు తనకే చెయ్యి ఇచ్చినట్టు. వెనక వరసలో గోడ మూలన ఉన్న సీసా దగ్గర వేలు దిగలేదు. మళ్లీ పెట్టాడు. గుంట చిన్నది. దీపం దగ్గరికి తెచ్చాడు. దాని లక్క ఇంకా ఎర్రగానే ఉంది. మిగతా సీసాల్లో రసం బెత్తెడు కిందికి దిగిపోయింది, ఇందులో మెడదాకా నిండుగా ఉంది. చాకు మొనతో లక్క గీకాడు, బిరడా వేళ్లకే వచ్చేసింది. వాసన చూశాడు. కుళ్లిన చాయ్ డికాషన్, పైన బూజు తెట్టె కట్టి ఉంది. చాలాసేపు ఆ సీసాను తొడల మధ్య పెట్టుకొని కూర్చున్నాడు. ఆ చిన్న గుంటను ఎరుగుదును అనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా మాణిక్యమ్మ చేసే రొట్టె అంచుల మీద చూస్తున్న వేలు అది.

కాబట్టి వాడు పోయిన రోజే. తాను గేటుకు పోయాక. తల్లీ కొడుకూ ఈ మెట్ల మీదే కూర్చొని ఉంటారు, వాడు పై మెట్టు మీద, ఆమె కింద, చప్పుడు కాకుండా నవ్వుకుంటూ, మనిషి వస్తాడేమోనని ఒక చెవి గేటు వైపు పెట్టి. తాగాడు. వాడు తాగాడు. గుండెలో నాలుగేళ్లుగా అడ్డం పడ్డది ఏదో కదిలింది, కదిలినచోట సంతోషం రావాలి, వచ్చింది కూడా, కాని దాని వెనకే ఇంకొకటి వచ్చింది. వాళ్లు దాక్కున్నది తన నుంచి. ఇద్దరు తన మనుషులు తన ఇంట్లో తనకు భయపడి చాయ్ కాచి సీసాలో పోశారు. ఎటువంటివాడు తాను, చేయి ఎత్తినవాడు కాదు, తిట్టినవాడు కాదు, ఊరికే మాట్లాడనివాడు. మాట్లాడనివాడికి అంత భయపడతారా. తర్వాత ఇంకోటి తట్టింది, అది తట్టాక దీపం కింద పెట్టాడు. నడుమ తెరిస్తే మనమే పంపినట్టు. ఆ మాట అన్నది తాను. పిల్ల పెట్టె పక్కన, అందరి ముందు, ఏమీ తోచక అన్నది. మాణిక్యమ్మ విన్నది, నమ్మింది. కొడుకు అడిగితే కాదనలేక తెరిచింది, ఆ కొడుకు తిరిగి రాలేదు. ఆమె ముట్టకు అన్నది ఆశతో కాదు. నాలుగేళ్లుగా ఆ మనిషి తన పక్కనే పడుకొని, కొడుకును తన చేతుల్తో పంపినదాన్నని, స్తంభం వెనక తల దించుకొని, దేవుణ్ణి నోటితో ముట్టుకోవడానికి కూడా తగననుకొని. ఒక్క పనికిరాని మాట. జీవితంలో వందసార్లు నోరు మూసుకున్నవాడు ఆ ఒక్కసారి మూసుకుంటే ఏం పోయేది.

చాయ్ సీసాను మూలనే వదిలేశాడు. ముందు వరసలోంచి ఒకటి తీసుకొని మెట్లెక్కాడు. మాణిక్యమ్మ వాకిట్లో కూర్చొని చంద్రమ్మ సమాధికి బంతిపూలు గుచ్చుతోంది. చేతిలో సీసా చూసి సూది ఆగిపోయింది. గుండయ్య ఆమె ఎదురుగా కూర్చున్నాడు, రెండు గ్లాసులు పెట్టాడు. గేటు తీయడం, బండి పోయిందాకా ఆగడం, అంతా అయింది.

"వాడు పొయ్యేనాడు ఒక సీసా తీసుకొమ్మని నేనే చెప్పిన. మీ అమ్మనడుగు, ఇస్తది అన్న."

మాణిక్యమ్మ సూదిని పువ్వులోనే వదిలేసింది.

"నువ్వు చెప్పలే," అంది.

"చెప్పిన."

"ముప్పయ్యేండ్లకెల్లి నోట్లె మాట లేనోడివి, ఇయ్యాల అబద్ధాలు గూడ నేర్సుకున్నవా?" పూలదండ ఒళ్లోంచి జారింది. "నేనే తీసిన. నేనే పోసిన. తెల్వక తియ్యలే, ఎరికుండే తీసిన. బిడ్డ అడిగిండు."

"నడుమ తెరవొద్దన్నది ఊరికె అన్న మాట," అన్నాడు గుండయ్య. "ఏం తోచక అన్న. దాంట్ల ఏం లేదు."

"గా మాట అప్పుడెందుకు చెప్పకపోతివి?"

గుండయ్య సీసా తలను అరుగు అంచుకు కొట్టి లక్క పగలగొట్టాడు. ఇరవై నాలుగేళ్లు నిలబడి ఎండిన బిరడా సగం పొడిపొడిగా లోపలికి రాలింది. గ్లాసులో పోస్తే మురికి నీళ్ల రంగులో దిగింది. వాసన ఇద్దరికీ ఒకేసారి తగిలింది.

"అప్పటికే పుల్లగున్నది," అంది మాణిక్యమ్మ మెల్లగా. "నోట్లె పోసుకున్నోడు పోసుకున్నట్టే ఉమ్మిండు. మస్తు నవ్విండు. ఇరవయ్యేండ్లు బాపు కావలి గాసింది గిదానే అన్నడు. మల్ల నవ్వు ఆపి, నా చెయ్యి వట్టుకొని ఒట్టేపిచ్చుకున్నడు. బాపుకు చెప్పకు, పానం గుంజుకుంటది, నా పెండ్లినాడు అందరు నవ్వంగ తెలిస్తె గంత బాధుండదు అన్నడు. చాయ్ పోద్దామన్న ఉపాయం గూడ వానిదే."

గుడి వైపు నుంచి మొదటి గంట వినబడింది. ఆరింటి గంట కొట్టేలోపల పోయి ఫాదర్‌కు మాట చెప్పాలి. గుండయ్య గ్లాసు ఎత్తి నోట్లో పోసుకున్నాడు. నాలుక మీద సెగ పెట్టినట్టయింది, దవడలు బిగుసుకుపోయాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఉమ్మెయ్," అంది మాణిక్యమ్మ. "ఉమ్మెయ్ అయ్యా."

మింగాడు. తువాలుతో మీసం తుడుచుకొని, సీసా వంచి మళ్లీ అంత పోసుకున్నాడు. మాణిక్యమ్మ తన గ్లాసు ముందుకు జరిపింది.